గోడవైపు కుర్చీ

అమర్‌నాథ్ ఎప్పటిలాగే బస్సులో ఎడమవైపు కిటికీ సీటు పట్టుకున్నాడు. ధర్మవరం బస్టాండులో హిందూపురం బస్సు ఆగీ ఆగకముందే నలుగురిని తోసుకుని ఎక్కాడు. మామూలుగా తోసుకునే మనిషి కాదు. పందొమ్మిదేళ్ళు నేవీలో అన్నానికీ స్నానానికీ వరసలో నిలబడి నిలబడి ఆ గుణం పోయింది. ఈ ఒక్క సీటు దగ్గర మాత్రం మొహమాటపడడు. అక్కడ కూర్చుంటే ఎడమ చెవి కిటికీకి పోతుంది, కుడి చెవి మనుషులకు మిగులుతుంది. పెళ్ళి పంక్తిలోనూ అంతే, వరసకు ఎడమ కొస వెతుక్కుంటాడు. ఇంట్లో మంచం ఏ గోడకు జరపాలో కూడా అతనే చెప్పాడు. గాలి కోసమేమో అనుకుంది అతని భార్య పావని.

ఎడమ చెవి పనిచేయడం మానేసి మూడేళ్ళవుతోంది. ఒక్కసారిగా పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత వంటింట్లో కుక్కర్ కూత, ఆ తర్వాత కూతురు నిఖిత గుసగుసలు. ఈ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియకుండా చూసుకోవడమే అతని అసలు ఉద్యోగం అయిపోయింది. పైకి చెప్పుకునే ఉద్యోగం వేరే ఉంది. అది వినడం.

నవ్వొచ్చే మాటే. అతనికీ మొదట్లో నవ్వొచ్చింది.

అమర్‌నాథ్ సబ్‌మెరైన్‌లో పనిచేస్తాడు. శత్రువుల ఓడలను వెతికి కొట్టడానికి కట్టిన డీజిల్ బోటు అది. లోపల యాభై మంది పైచిలుకు ఉంటారు. వీధిలో చాలామంది అతన్ని ఓడ డ్రైవరనుకుంటారు, అతనూ సరిదిద్దడు. నీళ్ళ కిందికి పోయాక ఆ బోటుకు బయటికి చూడడానికి కిటికీ లేదు, దీపం లేదు. చుట్టూ ఏముందో చెవులతోనే తెలుసుకోవాలి. ఆ చెవులు ఆరుగురివి, వంతులవారీగా. అందులో ఒకడు అమర్‌నాథ్. సోనార్ తెర ముందు కూర్చుని, గీతలు చూస్తూ, సముద్రం చేసే చప్పుళ్ళు వింటాడు. ఇది సరుకుల ఓడ, ఇది ట్యాంకరు, ఇది రొయ్యల గుంపు అని చెప్పాలి. నీళ్ళ మీద వాన పడితే లోపలికి వేరుశనక్కాయలు వేయించినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా అతనికి ధర్మవరం గుర్తొచ్చేది.

బస్సు చెన్నేకొత్తపల్లి దాటింది. అతను జేబులో ఫోను తీసి టైము చూశాడు, ఐదు నిమిషాల కింద కూడా చూశాడు. ఇవాళ సెలవుకు ఆఖరి రోజు. సాయంత్రం ఆరుకు ధర్మవరంలో విశాఖ బండి ఎక్కాలి. పది రోజుల్లో బోటు మళ్ళీ సముద్రంలోకి పోతుంది. పోయే రోజు కూడా ఇల్లు పట్టుకుని ఉండవా అని పావని పొద్దున అడిగింది. హిందూపురంలో పాత నేవీ దోస్తు ఒకడున్నాడు, చూసొస్తా అన్నాడు. అలాంటి దోస్తెవడూ లేడు. హిందూపురంలో చెవి డాక్టరున్నాడు. ధర్మవరంలోనూ ఉన్నాడు గానీ, అక్కడ చూపించుకుంటే మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తెలిసిపోతుంది.

ఆ ఒక్క భయమే అయితే పొద్దున్నే ఇంత దూరం వచ్చేవాడు కాదు.

గడిచిన ఏడాదిలో బోటు మూడుసార్లు బయటికి వెళ్ళింది. మొదటిసారి ముప్పై ఎనిమిది రోజులు, ఎండల్లో. రెండోసారి తుఫాను నెలల్లో మన ఓడలతోనే దాగుడుమూతల కసరత్తు. వాటికి దొరకకుండా రెండు రోజులు అడుగున మెదలకుండా పడున్నారు. ఫ్యాన్లు కూడా ఆపేశారు. గిన్నె కిందపెట్టాలన్నా గుడ్డ పరిచి పెట్టాలి. వంటాయన ఉల్లిపాయలు తరగడం మానేసి బిస్కెట్లు పంచాడు. ముగ్గురికి రెండు పడకలు. ఒకడు లేచిన వెచ్చదనంలో ఇంకొకడు పడుకోవాలి. స్నానం వారానికి ఒక చెంబు. ఒంటికి పట్టిన డీజిలు వాసన ఇంటికొచ్చాక పావని మూడు ఉతుకులు ఉతికితే గానీ బట్టలను వదిలేది కాదు. ఇంత కష్టమైనా ఆ బోటంటే అతనికి ప్రాణం. బయట ఎవరికీ పట్టని మనిషి అతను. అక్కడ మాత్రం, వంతు మారి అతను తెర ముందు కూర్చుంటే కెప్టెన్ అంతటివాడు గొంతు తగ్గించి మాట్లాడతాడు.

మూడోసారి శీతాకాలంలో వెళ్ళారు. నలభై నాలుగు రోజులు. ఇరవై ఏడో రోజు సాయంత్రం అది జరిగింది.

బ్యాటరీలు చార్జి చేసుకోవడానికి బోటు పైకి రావాలి. వచ్చేముందు సోనార్ మనిషి చుట్టూ విని, పైన ఎవరూ లేరని చెప్పాలి. అమర్‌నాథ్ ఎప్పటిలాగే హెడ్‌ఫోను ఎడమ మెత్తను చెవి వెనక్కి నెట్టేసి, కుడి చెవితో విన్నాడు. ఏమీ లేదు. అంతలో పక్కనుంచి చీఫ్ ఏదో అడిగాడు. చీఫ్ అంటే సోనార్ మనుషులందరికీ పెద్ద. ఆ మాట వినడానికి అమర్‌నాథ్ హెడ్‌ఫోను కుడి చెవి మీద నుంచి తీసి ఎడమ చెవికి జరిపాడు. చీఫ్‌కు జవాబు చెప్పాడు. హెడ్‌ఫోను తిరిగి కుడికి జరపకముందే కెప్టెన్ అడిగాడు, పైన ఖాళీయేనా అని. ఖాళీయే అన్నాడు. పెరిస్కోపు నీళ్ళు దాటిందో లేదో, కెప్టెన్ పెద్దగా అరిచాడు. నలభై గజాల్లో చేపల పడవ. బోటు తలకిందులుగా దిగినట్టు మళ్ళీ కిందికి దిగింది. గిన్నెలు, మనుషులు, అన్నీ ఒక పక్కకు పడ్డాయి. పైనున్న జాలరులకు తమ కిందేం జరిగిందో తెలియను కూడా తెలియదు.

ఇంజను ఆపేసి నిలబడిన పడవ అయి ఉంటుంది, అలాంటిది ఎవరికీ వినబడదు అని రాసుకున్నారు. అమర్‌నాథ్‌ను ఎవరూ ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత అతనొక్కడే కూర్చుని ఆనాటి రికార్డింగు పెట్టుకుని కుడి చెవితో విన్నాడు. పడవ ఇంజను దగ్గినట్టు మొదలై, టకటకమని పదకొండు సెకన్లు ఆడింది. బాగా వినబడుతోంది. ఎవరికైనా వినబడుతుంది. ఆ పదకొండు సెకన్లూ హెడ్‌ఫోను అతని ఎడమ చెవి మీద ఉంది.

అప్పటినుంచి నిద్ర సరిగ్గా లేదు. చెబితే బోటు నుంచి దించేస్తారు, ఇక ఎప్పటికీ ఎక్కనివ్వరు. ఒడ్డున ఏ స్టోరులోనో ఫైళ్ళు మోసుకుంటూ మిగతా ఏళ్ళు గడపాలి. చెప్పకపోతే యాభై మంది. ఈ రెండింటి మధ్య సెలవంతా నలిగాడు. చివరికి తనతో తనే ఒక బేరం కుదుర్చుకున్నాడు. బయట పరీక్ష చేయించుకుంటాడు. కుడి చెవి గట్టిగా ఉందని తేలితే, జాగ్రత్తగా ఉండి ఇంకొక్క ఏడాది లాగుతాడు. అదీ పోతోందని తేలితే చెప్పేస్తాడు.

నేవీలో ఏటా చెవుల పరీక్ష ఉంటుంది. మూడేళ్ళూ నెగ్గాడు. ఎలా నెగ్గాడో తలచుకుంటే సిగ్గు, కొంచెం గర్వం కూడా. అతను పుట్టింది మగ్గాల ఇంట్లో. నాలుగు మగ్గాలు ఒక్క గదిలో ఆడుతుంటే మాట వినబడదు. ఆ ఇంట్లో పిల్లలు పాలు మానకముందే పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంటారు. అన్న శివప్రసాద్ ఇప్పటికీ మగ్గం గుంటలో కూర్చుని గది అవతల ఉన్న వదినతో చప్పుడు లేకుండా పోట్లాడగలడు. చెవుల పరీక్షలో అవతల యంత్రం దగ్గర కూర్చున్న మనిషి మీట నొక్కేటప్పుడు భుజమో, గడ్డమో, కనురెప్పో కదులుతుంది. అమర్‌నాథ్‌కు అది చాలు.

హిందూపురంలో డాక్టరు లోపలికి పిలిచేసరికి పది దాటింది. లైటు వేసి రెండు చెవుల్లోకీ చూసి, పరీక్ష చేయించుకు రమ్మని పక్క గదికి పంపాడు. చిన్న అద్దాల గది. అద్దానికి అవతల సుచిత్ర అనే అమ్మాయి యంత్రం ముందు కూర్చుంది. శబ్దం ఎంత చిన్నదైనా సరే, వినబడగానే బొత్తాం నొక్కమంది. అమర్‌నాథ్ నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పది నిమిషాలు పట్టింది. అయిపోయాక ఆ అమ్మాయి కాగితం చేతికిచ్చి నవ్వింది.

“రెండు చెవులూ బాగుండాయి సార్. నాకంటే మీకే బాగ ఇనిపిస్తాది.”

డాక్టరు కాగితం చూసి, అనవసరంగా భయపడ్డారన్నాడు. అమర్‌నాథ్ మెట్లు దిగుతూ బడి వదిలిన పిల్లవాడిలా రెండు మెట్లకొకసారి అడుగు వేశాడు. బస్టాండు దగ్గర దోసె తిన్నాడు, ఇంకో దోసె చెప్పాడు. రెండో దోసె సగంలో ఉండగా చెయ్యి ఆగిపోయింది. ఎడమ చెవికి శబ్దాలు పంపినప్పుడు తను ఏం విన్నాడు? గుర్తు తెచ్చుకోబోతే ఒక్క చప్పుడూ గుర్తు రాలేదు. మీట నొక్కిన ప్రతిసారీ సుచిత్ర గడ్డం కాస్త కిందికి దిగడం గుర్తొచ్చింది.

నిజం తెలుసుకోవడానికి వచ్చి, ఇక్కడ కూడా దొంగచూపు చూశాడు. కావాలని చేయలేదు. అసలు చేస్తున్నట్టే తెలియలేదు. ప్లేటు పక్కకు నెట్టాడు. తిరిగి వెళ్ళి చెప్పాలంటే మనసు రాలేదు. కాగితం మీద సంతకం ఉంది, ముద్ర ఉంది, మనిషికి ఇంకేం కావాలి అని సర్దిచెప్పుకుని ధర్మవరం బస్సెక్కాడు. ఎడమ కిటికీలన్నీ నిండిపోయాయి. కుడివైపు కిటికీ ఒకటే ఖాళీ. గత్యంతరం లేక అక్కడే కూలబడ్డాడు.

సోమందేపల్లిలో కుళ్ళాయమ్మ ఎక్కింది. అతన్ని చూసి మొహం చేటంత చేసుకుని పక్కనే, ఎడమవైపు, కూర్చుంది. అమర్‌నాథ్ చిన్నప్పుడు వాళ్ళింట్లో పట్టు దారం కండెలకు చుట్టిన మనిషి. ఇప్పుడు పెనుకొండలో కూతురి దగ్గర ఉంటోంది. ఆమె భర్త నాగప్ప వీధిలో మగ్గాలన్నింటికీ జకార్డు పెట్టెలు బిగించేవాడు. చీర అంచులో బుటా ఎలా రావాలో దారాలకు చెప్పే పెట్టె అది. ఆయన గడపలో నిలబడి కళ్ళు మూసుకుని, పక్కనున్న ఆరేళ్ళ అమర్‌ను అడిగేవాడు, ఏ మగ్గం కుంటుతోందో చెప్పమని. అమర్ వేలు చూపించేవాడు. తప్పైతే నెత్తిన ఒక మొట్టికాయ, ఒప్పైతే బొరుగులు. వినడం అనే విద్య అతనికి నేవీ నేర్పలేదు, నాగప్ప నేర్పాడు.

కుళ్ళాయమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. ముందు సీటు వాళ్ళ కిటికీ నుంచి దుమ్ము కొడుతోందని కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంది. పెదవులు కనబడలేదు. బస్సు మోతలో ఆమె గొంతు అతనికి ఒక మూలుగులా మాత్రం అందింది. తల తిప్పి కుడి చెవి ఇవ్వాలంటే మెడ పూర్తిగా వెనక్కి మెలి తిప్పాలి. ఇలాంటప్పుడు ఏం చేయాలో అతనికి అలవాటే. ఆమె కళ్ళ వైపు చూసి నవ్వాడు, తల ఊపాడు. ఆమె ఆగినప్పుడల్లా ఊ కొట్టాడు. ఒకసారి ఎక్కువసేపు ఆగి తనవైపే చూస్తుంటే, “మంచిదే గదా పెద్దమ్మా” అన్నాడు. పెనుకొండ దాకా ఇదే వరస.

బస్సు పెనుకొండలో ఆగింది. కుళ్ళాయమ్మ లేచి, కొంగు తీసి, అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

“మా ఆయప్ప పోయినాడని చెప్తాంటే నవ్వతాండావేం నాయనా? మంచిదే అంటివే.”

ఈసారి పెదవులు కనబడ్డాయి. ఆమె దిగిపోతుంటే అమర్‌నాథ్ కూడా వెనకే దిగిపోయాడు. సంచి ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోలేదు, అదృష్టం కొద్దీ భుజానే ఉంది. బస్టాండు గోడ దగ్గర ఆమెను ఆపి చెయ్యి పట్టుకున్నాడు. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అంత తేలిగ్గా బయటికొస్తుందని అతను అనుకోలేదు.

“పెద్దమ్మా, ఆ చెవి నాకు ఇనపడదు. ఒగ మాటా ఇనల్యా నేను. ఈ పక్కకొచ్చి మళ్ళా చెప్పు.”

కుళ్ళాయమ్మ అతన్ని ఒక్క క్షణం చూసి, కుడివైపుకు వచ్చి నిలబడింది. అంతా మొదటినుంచి చెప్పింది. నాగప్ప రొమ్ము పట్టేసి, ఊపిరాడక, మార్గశిరంలో పోయాడు. ఆస్పత్రికి తీసుకుపోతే రెండు రోజులుంచుకుని పంపించేశారు. అమర్‌నాథ్ మనసులో నెలలు లెక్క వేసుకున్నాడు. అప్పుడు తను నీళ్ళ కింద ఉన్నాడు. బోటెక్కేముందు ప్రతివాడూ ఒక కాగితం మీద రాసివ్వాలి, ఇంట్లో చెడు జరిగితే అక్కడే చెప్పాలా, తిరిగొచ్చాక చెప్పాలా అని. అతను ఎప్పుడూ తిరిగొచ్చాకే అని రాసేవాడు. ఇంటినుంచి వారానికొక చిన్న సందేశం వస్తుంది, అందులో మంచి తప్ప ఇంకేమీ రాయకూడదు. ఆ నెలంతా పావని అందరూ బాగున్నారనే రాసింది. తిరిగొచ్చాక చెప్పడం మరిచిపోయినట్టుంది, నాగప్ప చుట్టమేమీ కాదు కదా.

ఆయన తన గురించి ఏమైనా అడిగాడా అని అమర్‌నాథ్ అడిగాడు. ఈ ప్రశ్న అడగడానికి భయపడ్డాడు కూడా.

“అడగక? నా మాదిరి ఇనేటోడు వాడొగడే అనేటోడు. ఆయప్పకే కడాకు చెవులు తగ్గిపోయ. ఒగ తూరి దారాలు తప్పు కట్టి, ఎవురిదో పెండ్లి చీర చెడగొట్నాడు. ఆ పొద్దే పనిముట్ల సంచి ఎత్తిపెట్టేసినాడు. బతిమాలినా మళ్ళా మగ్గం ముట్టల్యా.”

ఆమె ఇదంతా మామూలుగానే చెప్పింది, అతనికి బుద్ధి చెప్పాలని కాదు. అన్నం తిని పొమ్మంది. మళ్ళీ సెలవులో వస్తానని ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుని, రోడ్డు దాటి, ధర్మవరం వైపు కాకుండా హిందూపురం వైపు వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాడు. పన్నెండుంబావు అయింది. డాక్టరు గది రెండింటికి మూస్తారు. అరగంటకు గానీ బస్సు రాలేదు. సోమందేపల్లిలో పది నిమిషాలు ఆపేశారు. కండక్టరు టీ తాగుతుంటే అమర్‌నాథ్ కిందికి దిగి, ఎక్కి, మళ్ళీ దిగాడు. ఏమప్పా, కాన్పుకేమైనా పోతాండావా అని కండక్టరు వేళాకోళమాడాడు.

వెళ్ళేసరికి సుచిత్ర అన్నం డబ్బా విప్పుతోంది. అతన్ని చూసి, ఏం మరిచిపోయారు సార్ అంది. పరీక్ష మళ్ళీ చేయమన్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నేను చూసి నొక్కినాను, వినలేదు, అని చెప్పాడు. ఆమె నమ్మలేదు. మీట నొక్కినప్పుడల్లా నీ గడ్డం కిందికి దిగుతుందమ్మా అంటే చెయ్యి గడ్డానికి పోయింది. తర్వాత అతను అద్దాల గదిలోకి పోయి, కుర్చీని తనే గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఎదురుగా తెల్ల సున్నం గోడ. అందులో చూడడానికి ఏమీ లేదు. సుచిత్ర మొదట కుడి చెవికి శబ్దం పెట్టింది. చప్పుళ్ళు వచ్చాయి, నొక్కాడు. సన్నవి వచ్చేకొద్దీ అవి నిజమో తన ఊహో తెలియలేదు. తర్వాత ఎడమ. మొదలుపెట్టిందో లేదో అంతుపట్టలేదు. బొత్తాం మీద బొటనవేలు పెట్టి ఎదురుచూశాడు. సముద్రంలో ఎన్నో రాత్రులు ఇలా ఎదురుచూశాడు గానీ, అక్కడ ఏమీ వినబడకపోతే అందరికీ సంతోషం. ఒక్కసారి లావుపాటి గుమ్మని శబ్దం వచ్చింది. ఆశగా నొక్కాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఇంకేమీ రాలేదు. వెనకనుంచి సుచిత్ర భుజం తట్టింది.

“అయిపోయింది సార్” అంది. ఆమె మొహం చూసి కాగితం అడగాలనిపించలేదు.

కాగితంలో ఎడమ గీత మొదట్లోనే కిందికి దిగిపోయి అక్కడే ఉండిపోయింది. కుడి గీత చాలా దూరం బాగానే నడిచి చివర్లో తల వంచింది. డాక్టరు ఈసారి కుర్చీలో ముందుకు జరిగి మాట్లాడాడు. ఎడమది నరం దెబ్బ, తిరిగి రాదు, కుడివైపు కూడా మొదలైంది, చప్పుడులో పని మానుకోండి అన్నాడు. తను పనిచేసేది ప్రపంచంలోకెల్లా నిశ్శబ్దమైన చోటని అమర్‌నాథ్ చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. పావని పెట్టె సర్ది, నిఖితను ట్యూషనుకు పంపి, వాకిట్లోనే నిలబడి ఉంది. పావని అతని మేనమామ కూతురే. చిన్నప్పటినుంచి ఎరిగిన మొహం కావడంతో ఆ మొహం ముందు అబద్ధం ఎక్కువసేపు నిలవదు. లోపలికి తీసుకుపోయి, కాగితం ఆమె చేతిలో పెట్టి, అంతా చెప్పాడు. చెవి సంగతి, చేపల పడవ సంగతి, పదకొండు సెకన్ల సంగతి. చెబుతూ చెబుతూ ఉండగానే లోపల భయం మళ్ళీ తల ఎత్తింది. బోటు దిగితే తనెవరు? ఈ వీధిలో వదినా పిల్లలూ అడిగితే ఏం చెప్పాలి? పొద్దున చేసుకున్న బేరం ఇంకో రూపంలో నోటికొచ్చింది. ఈ ఒక్క ట్రిప్పుకు పోయొచ్చి చెప్తానన్నాడు. జాగ్రత్తగా ఉంటానన్నాడు.

పావని కాగితం మడిచింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“బావా, నువ్వు లోపల ఉన్నెప్పుడు నేను యెట్ల పడుకుంటానో నీకు తెలుసునా? ఆడ ఎవురో ఒగాయప్ప మేలుకోని ఇంటాంటాడు, నా మొగునికి ఏం గాదు అనుకోని పడుకుంటా. ఆడుండే యాభై మందికీ పెండ్లాంలు ఉండారు. వాళ్ళు నిన్ను నమ్ముకోని పడుకుంటాండారు.”

అతను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. మంచం మీద అతనికి ఎడమవైపు కూర్చున్నది లేచి, చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు కూర్చుంది. పక్క గదిలో శివప్రసాద్ మగ్గం ఆడుతూనే ఉంది. అతనికి దుఃఖం వచ్చింది, దాచుకోలేదు.

స్టేషనుకు ఇద్దరూ నడిచే వెళ్ళారు. బండి ఇరవై నిమిషాలు లేటన్నారు. అమర్‌నాథ్ ప్లాట్‌ఫారం చివరికి పోయి, కుడి చెవికి ఫోను పెట్టుకుని చీఫ్‌కు చేశాడు. హిందీలో మొదలుపెట్టి మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. చీఫ్ మధ్యలో ఆపలేదు. లైను తెగిందేమో అని అమర్‌నాథ్ ఫోను మొహం ముందుకు తెచ్చుకుని చూశాడు.

అప్పుడు చీఫ్ చెప్పాడు. ఆ రికార్డింగు తనూ విన్నాడట. శీతాకాలం నుంచీ అమర్‌నాథ్ నోటితోనే ఆ మాట వస్తుందేమో అని చూస్తున్నాడట. ఈ పది రోజుల్లో చెప్పకపోతే బోటు కదిలేలోపు తనే పైవాళ్ళకు రాసేవాడట, రాయడానికి చెయ్యి రాక ఆగాడట. తిట్టలేదు. బోటు దగ్గరికి రావద్దు, బండి దిగి నేరుగా ఆస్పత్రికి పో, నీ సామాను నేను దింపించి పంపిస్తాను అన్నాడు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో బోటు మెట్లు దిగడం కూడా అతనికి మిగల్లేదు. సెలవుకు వచ్చేముందు దిగిందే ఆఖరుసారి, ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

బండి వచ్చింది. పావని కిటికీ దగ్గర, అతనికి కుడివైపు పడేటట్టు నిలబడింది. చేరగానే ఫోను చేయమంది. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద కొంత దూరం నడిచి ఆగిపోయింది. అతను సీట్లో వెనక్కి వాలి, చీఫ్ ఫోను పెట్టేసేముందు అన్న మాట తలచుకున్నాడు. నీ హెడ్‌ఫోను స్టోరుకు పంపుతున్నాను, కుడివైపు మెత్త మార్చాలి, ఎడమవైపుది మార్చే పని లేదు అన్నాడు చీఫ్. ఇన్నాళ్ళూ దాన్ని రోజూ చేత్తో పట్టుకుని కూడా అమర్‌నాథ్ ఆ తేడా చూసుకోలేదు. రేవులో కట్టేసిన ఆ బోటులో, ఖాళీ కుర్చీ పక్కన కొక్కేనికి, కుడి మెత్త చెమటకు పగిలి దూది బయటపడి, ఎడమ మెత్త కొన్ననాటి నునుపుతో, ఆ హెడ్‌ఫోను వేలాడుతోంది.